విసరడానికి చేసిన కత్తి కాదది

సోంపేట,
నవంబరు 14.

రత్నం వదినకు,

నీతో మాట్లాడనని అన్నయ్య సంవత్సరీకం రోజున నలుగురి ముందూ ఒట్టు పెట్టుకున్నాను. రాయనని పెట్టుకోలేదు. అందుకే ఈ ఉత్తరం. ఫోన్ చెయ్యకు, ఎత్తను.

ఇంటికి వచ్చి ఇన్ని రోజులైనా ఆ దృశ్యం నా కళ్ల ముందు నుంచి పోవడం లేదు. భోజనాలయ్యాక చెయ్యి కడుక్కుందామని మీ పెరట్లోకి వెళ్లాను. గోడకి ఆనించి ఒక సాలు చెట్టు దుంగ, దాని నిండా గాట్లు. ఆ దుంగలో దిగబడి మా నాన్న కత్తి! దాని పక్కన నీ మాంసం కత్తి, కొబ్బరికాయలు కొట్టే కత్తి. "ఇదేటి వదినా?" అని అడిగితే నువ్వేమన్నావు? "సాయంత్రం పూట ఇసురుతాను. సరదా" అన్నావు. సరదా! మొగుడు పోయిన ఏడాదికి నీకు పట్టిన సరదా ఇది.

ఆ కత్తి ఏమిటో నీకు మళ్లీ చెప్పాలా? గోవింద్‌పూర్‌లో మనవాళ్లు పోలమ్మ గుడి కట్టుకున్నప్పుడు మా నాన్న లారీ కమాను పట్టీని కొలిమిలో పెట్టి, సాగగొట్టి, అమ్మవారి కోసం చేసిన కత్తి అది. మొదట్లో మేకపోతు, తరవాత్తరవాత బూడిద గుమ్మడికాయ. ఏదైనా ఏడాదికి ఒక్క వేటు. మిగతా రోజులన్నీ మన ఇంట్లో, పీట మీద, పసుపు రాసుకుని ఉంటుంది. నేలకి తగలకూడదు. నాన్న తరవాత అన్నయ్య చేతికి వచ్చింది. అది అమ్మవారి కత్తి వదినా, నీ క్యాంటీన్ కత్తి కాదు.

అన్నయ్య కూడా తక్కువవాడు కాదులే. నా గృహప్రవేశానికి రమ్మంటే ఫ్యాక్టరీలో షట్‌డౌన్ అన్నాడు. చూడ్డానికి నేనే వస్తానంటే ఇల్లు రిపేరు అన్నాడు. వీడియో కాల్ చేస్తే తెర మీద నువ్వుండేదానివి, ఆయన గొంతు మాత్రం పక్కనుంచి వినపడేది. చెల్లెలంటే అంత లోకువ. అయినా ఆ కత్తి దగ్గర మాత్రం ఆయన నిష్ఠగా ఉండేవాడు. ఇప్పుడు ఉండి ఉంటే నీ చెయ్యి పట్టుకుని ఆపేవాడు.

నా బాలాజీ అదే ఊళ్లో గోల్‌మురిలో గది తీసుకుని ఉద్యోగం చేసుకుంటున్నాడు. అక్కడికి వెళ్లాక నాతో కూడా హిందీలోనే మాట్లాడుతున్నాడు. మేనమామ తరవాత మేనల్లుడు. వైశాఖంలో అమ్మవారి పండగ వచ్చేలోపల కత్తి వాడికి అప్పజెప్పు. ఇంకొకటి. ఆడదానివి, ఇలా విసరడం నీకు ఎవరు నేర్పారు?

సుధారాణి

---

గోవింద్‌పూర్, జంషెడ్‌పూర్,
నవంబరు 30.

చి. సౌ. సుధారాణికి వదిన ఆశీస్సులు.

నీ కోపం రిజిస్టరు పోస్టులో వచ్చింది. సంతకం పెట్టి మరీ తీసుకున్నాను. ఒట్టు పెట్టుకున్నదానివి ఒట్టు మీద ఉండు, నాకేం అభ్యంతరం లేదు. నీ కేకల కంటే నీ రాత చదవడానికి బాగుంది.

సరదా అన్న మాటకి అంత ఒంటికాలి మీద లేచావు. సరదా కాకపోతే ఏమనాలి? పొద్దున్నుంచీ క్యాంటీన్‌లో ఆ కత్తులతో ఎవరెవరి కడుపుల కోసమో కోస్తాను, కొడతాను, తరుగుతాను. సాయంత్రం ఇంటికొచ్చాక కాసేపు అవే కత్తులు నా కోసం పట్టుకుంటాను. అందులో ఎవరి సొమ్ము పోయింది? మీ అన్నయ్య పోయాక వచ్చినవాళ్లందరూ తిను అన్నారు, పడుకో అన్నారు, ఏడిస్తే బరువు తగ్గుతుంది అన్నారు. చేతులతో ఏం చెయ్యమంటారో ఒక్కరూ చెప్పలేదు.

నీకు తెలియదు కాబట్టి చెప్తున్నాను. బరువైన కత్తిని బలంతో విసరరు. పిడి పట్టుకుని చెయ్యి చెవి దాకా తెచ్చి, ముందుకు ఊపి, వదలాల్సిన చోట వదిలెయ్యడమే. అది ఒక్క తిరుగుడు తిరిగి దుంగలో కూర్చుంటుంది. ధబ్బుమని ఆ చప్పుడు విన్నాక నాకు ఆ పూట అన్నం సయిస్తుంది. నా వెనకా పక్కనా ఎవరినీ నిలబడనివ్వను. అవతల ఇటుక గోడ. ఇంక భయమెందుకు?

నీ కొడుకు నా మీద దయతలచి ఫోన్‌లో ఆర్డర్ పెట్టి ఏవో సన్నటి కత్తులు తెప్పించాడు. "మామీ, యే ఫేంక్‌నే కే లియే హీ బనా హై" అన్నాడు. విసరడానికే చేశారట! ఈనెపుల్లల్లా ఉన్నాయి. ఎవరు విసిరినా దిగబడతాయి. విసరడానికే చేసినదాన్ని విసిరితే నాదేముంది అందులో? ఉల్లిపాయ కొయ్యడానికి కూడా పనికిరాలేదు. వాటిని డబ్బాలో పెట్టి వాడికే తిరిగి ఇచ్చేశాను.

కత్తి నేలకి తగలకూడదన్నావు. తగులుతుంది సుధా. విసిరిన ప్రతిసారీ దిగబడదు. గుద్దుకుని కింద పడుతుంది. తీసి, కడిగి, పసుపు రాసి పీట మీద పెడతాను. నీ ముందు ఒక మాట, అమ్మవారి ముందు ఒక మాట నాకు లేవు.

ఎవరు నేర్పారని అడిగావు. ఎవరో నేర్పారు. ఆ సంగతి నీకెందుకు?

కత్తి ఇవ్వను. బాలాజీ ఆదివారం వస్తే చేపల పులుసు పెడతాను. అది మాత్రం ఇస్తాను.

రత్నం

---

సోంపేట,
జనవరి 9.

వదినకు,

కింద పడుతుందని నీ చేత్తో నువ్వే రాశావు! చదివి నాకు తల కొట్టేసినట్టయింది. ఏదో తెలియక చేస్తున్నావేమో, నచ్చజెప్పాలనుకున్నాను. నువ్వు తెలిసే చేస్తున్నావు. పైగా చేపల పులుసని వెటకారం.

మా నాన్న చేతిలోంచి ఆ కత్తి ఏనాడూ జారలేదు. అన్నయ్య చేతిలోంచి జారలేదు. పండగ రోజున ఆయన ఆ కత్తి ఎత్తి పట్టుకుని, పూజారి పాట ముగించేదాకా రాయిలా నిలబడేవాడు. చిన్నప్పుడు నేను జనంలోంచి చూస్తూ "మా అన్న, మా అన్న" అని పక్కవాళ్లకి చెప్పుకునేదాన్ని. అలాంటి చేతిలో ఉన్న కత్తిని నువ్వు పెరటి మట్టిలో పడేస్తున్నావు.

పెళ్లయి వచ్చినప్పుడు నీకు మా ఇంటిపేరు వచ్చింది. కత్తి రాలేదు. చేదుగా ఉన్నా ఉన్నమాట అదే. చెప్పాల్సింది చెప్పాను. ఇంక చెయ్యాల్సింది నేను చేస్తాను. అప్పుడు నన్ను అనకు.

సుధారాణి

---

గోవింద్‌పూర్,
మార్చి 18.

సుధారాణికి,

చెయ్యాల్సింది చేశావు. చాలా బాగా చేశావు.

నిన్న గుడి అరుగు మీద కమిటీ కూర్చుంది. నన్ను పిలిచారు. ప్రెసిడెంటు సూర్యప్రకాష్ జేబులోంచి కాగితం తీసి, కళ్లజోడు పెట్టుకుని అందరికీ వినపడేలా చదివాడు. నీ రాత! నాకు రాసినట్టే ఉంది, పేరు మాత్రం కమిటీ వారికి. "మా వదిన అమ్మవారి కత్తిని నేలపాలు చేస్తున్నది, తనే ఒప్పుకున్నది" అట. నేను నీకు నిజం రాస్తే దాన్ని తీసుకెళ్లి వాళ్ల చేతిలో పెట్టావా? పోస్టులో రాకుండా నా ఎదురుగా వచ్చి చెంప మీద కొట్టినా ఇంత బాధపడేదాన్ని కాదు.

"సూడమ్మా రత్నం, నీ మీద మాకు కోపం ఏటుంది? ఆనవాయితీ అది. కింద పడిన కత్తి మైలపడినట్టే. ఆడపడుచే రాసిందంటే ఇంక మేమేటంటాం?" అన్నాడు సూర్యప్రకాష్. వెనకనుంచి ఎవరో సర్కస్‌లో చేరమన్నారు. నవ్వులు. ముండమోసినదానికి అమ్మవారి కత్తేంటని ఇంకెవరో గొణిగారు. అన్నీ విన్నాను.

నీ బాలాజీని లేపి అడిగారు. "నహీ చాహియే అంకుల్, మేరా నైట్ షిఫ్ట్ రహతా హై" అని చెప్పి కూర్చున్నాడు. వద్దని వాడంటే, ఆలోచించుకుంటాడులే అని వీళ్లు రాసుకున్నారు. పండగ రోజున నేను కత్తి తెచ్చి అమ్మవారి ముందు పీట మీద పెట్టాలట. వాడు తీసుకోవాలట.

ఇంక దాచలేను. మీ అన్నయ్య నా చేత చేతిలో చెయ్యి వేయించుకున్నాడు, "సెల్లికి సెప్పకే, అది తట్టుకోలేదు" అని. కానీ రాయిలా నిలబడేవాడని నువ్వు రాసిన ఆ మాట చదివినప్పటినుంచీ నా కడుపు మండుతూనే ఉంది.

ఆయన కుడిచెయ్యి వణికేది సుధా. నాలుగేళ్లు వణికింది. మొదట టీ గ్లాసు దగ్గర తెలిసింది. తరవాత చొక్కా గుండీలు పెట్టుకోలేకపోయాడు. అది వణుకు జబ్బు, పూర్తిగా పోయేది కాదు, మందులతో నెట్టుకు రావాలని డాక్టరు చెప్పాడు. నీ గృహప్రవేశానికి షట్‌డౌన్ లేదు. ఇంటికి రిపేరు లేదు. ఫోన్ పట్టుకుంటే తెర అంతా ఊగిపోయేది, అందుకే నేను పట్టుకునేదాన్ని.

ఒకరోజు ఒళ్లు మండి, చేతిలో ఉన్న ఈ కత్తినే పెరట్లో దుంగ మీదకి విసిరేశాడు. వెళ్లి నిటారుగా దిగబడింది. ఆయన దాన్ని చూశాడు, తన చేతిని చూసుకున్నాడు. ఊరికే పట్టుకుంటే వణికే చెయ్యి ఊపినప్పుడు వణకలేదు. ఆ రోజునుంచి ప్రతి సాయంత్రం అదే పని. రెప్పపాటు సేపు తన చెయ్యి తనది అయ్యేది. అది కూడా కుదరని రోజులు వచ్చాక కుర్చీ వేయించుకుని కూర్చుని నా చేత విసిరించాడు. "ఓలమ్మా, ఇసురుతున్నావా, ముగ్గెడుతున్నావా? బుజం తిప్పకే! కత్తిని దాని దారిన ఎల్లనీ!" అని తిట్టేవాడు. నీ ప్రశ్నకి జవాబు ఇదే. నాకు నేర్పింది మీ అన్నయ్య.

ఇంకా ఉంది. ఆయన చేసిన ఆఖరి పండగలో కత్తి ఆయన చేతిలోంచి జారింది. పాట ముగిసేదాకా కదలకుండా పట్టుకోవాలి కదా, ఆ పట్టుకోవడమే ఆయన వల్ల కాలేదు. గుడి ముందు, అందరూ చూస్తుండగా నేల మీద పడింది. ఈ సూర్యప్రకాషే వంగి తీసి, తన తువ్వాలుతో తుడిచి, ఆయన చేతిలో పెట్టి, మణికట్టు పట్టుకున్నాడు. ఇద్దరూ కలిసి కాయ కొట్టారు. ఎండ ఎక్కువగా ఉందని అందరూ అనుకున్నారు. ఆ రోజు నేను ఆ మనిషికి మనసులో దండం పెట్టుకున్నాను. మగవాడి చేతిలోంచి పడితే ఎండ. నా చేతిలోంచి పడితే మైల!

అరుగు మీద ఆ ఒక్క ముక్క అని ఉంటే వాళ్ల నోళ్లు మూతపడేవి. అనలేదు. ఆయన దాచుకున్నదాన్ని పదిమందిలో విప్పి ఆ కత్తి నిలబెట్టుకోను. పండగ రోజున పీట మీద పెట్టేస్తాను. నీకొక్కదానికే చెప్పాను, నీలోనే ఉంచుకో. ఈసారైనా నా ఉత్తరం ఎవరి జేబులోకీ వెళ్లనివ్వకు.

రత్నం

---

సోంపేట,
ఏప్రిల్ 2.

వదినా,

నమ్మను.

కత్తి దక్కించుకోవడానికి చనిపోయినవాడి మీద రోగం అంటగడతావా? మా అన్నయ్య చెయ్యి వణకడమేమిటి? లారీ యాక్సిల్ ఒక పక్క ఎత్తి పట్టుకున్న మనిషి. జబ్బు చేస్తే నాకు చెప్పడా? నేను ఎవరిని? దారిన పోయేదాన్నా?

బాలాజీ ఆ పండగలో ఉన్నాడు. వాడికి ఎన్ని వంకలున్నా అబద్ధం చెప్పడు. వాడిని అడుగుతాను. నువ్వు రాసింది కట్టుకథ అని తేలిందా, నీ గడప తొక్కను, నీకు అక్షరం రాయను.

సుధారాణి

---

గోవింద్‌పూర్,
మే 15.

సుధారాణికి,

నా ఒళ్లు ఇంకా ఉడుకుతోంది. నువ్వు చేసిన పని నీకే చెప్పాలి, అప్పుడు కానీ తెలియదు ఎంత పని చేశావో.

పండగ రోజున కత్తి తలకెత్తుకుని గుడికి వెళ్లాను. జనంలో నువ్వు కనపడ్డావు. టాటానగర్‌లో రైలు దిగి, ఇంటికి రాకుండా, సంచీతో సహా సరాసరి గుడికి! కొడుకు కత్తి అందుకునే ముచ్చట చూడ్డానికి వచ్చావనుకున్నాను. నీ వైపు చూడకుండా కత్తి పీట మీద పెట్టాను. సూర్యప్రకాష్ బాలాజీని రమ్మన్నాడు. వాడు కదల్లేదు. అప్పుడు నువ్వు సంచీ కింద పెట్టి ముందుకొచ్చావు.

"ఆగండి. ఈ కత్తి ఎందుకు లాక్కుంటన్నారు?" అన్నావు.

"నువ్వే కదమ్మా రాసినావు, కింద పడిందని," అన్నాడు ఆయన.

"రాసినాను. తప్పు రాసినాను. ఈ కత్తి మా వదిన కంటే ముందు మా అన్నయ్య సేతిలోంచి పడింది. ఇక్కడే పడింది. అతని సెయ్యి వణికీది. మీరందరూ సూసినారు. తువ్వాలెట్టి తుడిసింది నువ్వు కాదేటి సూర్యప్రకాష్ బావా? అప్పుడు లేని మైల ఇప్పుడెక్కడ్నించొచ్చింది?"

సూర్యప్రకాష్ తల దించుకుని, "తుడిసినాను" అన్నాడు. ఆయన కళ్లలో నీళ్లు చూశాను. "మా వదినే మా ఇల్లు. ఆ ఇంట్లోనే ఉంటది కత్తి" అని నువ్వన్నావు. ఆయనే పీట నా వైపు జరిపాడు. కత్తి ఎత్తాను. పాట అయ్యేదాకా పట్టుకున్నాను. ఒక్క వేటుకి కాయ రెండయింది. వెనక్కి తిరిగి చూసేసరికి నువ్వు లేవు. సాయంత్రం బండికే వెళ్లిపోయావని బాలాజీ చెప్పాడు.

కత్తి నాకే ఉంది. సంతోషించమంటావా? అన్నేళ్లు నేను చీర కొంగులో దాచుకున్నట్టు దాచుకున్న మాట అది. ఎవరైనా ఇంటికొస్తే ఆ చేతి మీద తువ్వాలు కప్పేదాన్ని. ఆయనకి నేను తినిపించడం గుమ్మంలోంచి కనపడకుండా తలుపు వేసేదాన్ని. నువ్వు మైకు పక్కన నిలబడి ఊరందరికీ చెప్పేశావు. ఇప్పుడు రేషన్ దుకాణం దగ్గర కూడా "పాపం, అప్పలరాజుకి సెయ్యి వణికీదట" అంటున్నారు. ఆయన పరువు తీసి నా కత్తి నిలబెట్టమని నిన్ను ఎవరడిగారు? నీలోనే ఉంచుకోమన్నానా లేదా?

రత్నం

---

సోంపేట,
మే 27.

వదినకు,

పండగకి ముందే ఫోన్ చేసి బాలాజీని అడిగాను. "గిరా థా మా. సబ్ నే దేఖా" అన్నాడు. పడిందట, అందరూ చూశారట. వాడికీ తెలుసు! మేనమామ వాడి చేత కూడా ఒట్టు వేయించుకున్నాడట. కత్తి పడడం ఊరందరూ చూశారు, నీకు తెలుసు, నా కడుపున పుట్టినవాడికి తెలుసు. తెలియనిది నాకొక్కదానికే.

పరువు తీశానన్నావు. చెయ్యి వణికితే పరువు ఎందుకు పోతుంది? తాగి వణికిందా? ఒకరి సొమ్ము ముట్టుకుని వణికిందా? జబ్బు చేసి వణికింది. ఆ చెయ్యి మీద తువ్వాలు కప్పావు చూడు, తప్పు అక్కడుంది. మీ ఇద్దరూ కలిసి దాన్ని సిగ్గు పడాల్సిన చెయ్యి చేశారు. అందరి ముందూ నేను ఆ తువ్వాలు తీసేశాను. మళ్లీ అడిగినా మళ్లీ తీస్తాను.

నాకు కోపం కత్తి గురించి కాదు వదినా. కత్తి నీది, తీసుకెళ్లి దుంగ మీద కొట్టుకో, గోడ మీద కొట్టుకో, నాకు అనవసరం. నేను తట్టుకోలేనట! ఎవరు చెప్పారు ఆయనకి? చిన్నప్పుడు నాకు జ్వరం వస్తే వీపు మీద వేసుకుని ఆస్పత్రికి మోసుకెళ్లినవాడి చొక్కాకి గుండీలు పెట్టడానికి నేను పనికిరానా? అన్నం కలిపి నోట్లో పెట్టడానికి పనికిరానా?

గృహప్రవేశానికి రాలేదని ఆయన్ని తిట్టాను. పోయేదాకా తిడుతూనే ఉన్నాను. పండగకి ఫోన్ చేస్తే ముక్తసరిగా మాట్లాడి పెట్టేసేదాన్ని. ఆఖరిసారి "నీకు సెల్లి ఉందని గుర్తుందేటి?" అన్నాను. నువ్వు పక్కనే ఫోన్ పట్టుకుని నిలబడి ఉన్నావు. విన్నావు. ఒక్క ముక్క చెప్పి ఉంటే ఆ మాట నా నోట్లోంచి వచ్చేది కాదు. ఇప్పుడు దాన్ని ఎవరి దగ్గర వెనక్కి తీసుకోను? దీనికి నిన్ను క్షమిస్తానని అనుకోకు.

పుట్టింటి నుంచి నాకు రావాల్సిన చీరలూ సారెలూ ఏవీ ఇంక అడగను. ఒక్కటి మాత్రం వదులుకోను. ఆ నాలుగేళ్లు. నీ దగ్గరున్నాయి, నాకు లేవు. పొద్దున లేస్తే ఎలా ఉండేవాడు, ఏం తినగలిగేవాడు, కుర్చీలో కూర్చుని నిన్ను ఏమేం తిట్టేవాడు, రాత్రి నిద్ర పట్టేదా, ఎప్పుడైనా ఏడ్చాడా, నేను ఫోన్ పెట్టేశాక నా గురించి ఏమనేవాడు. మంచివి ఏరి రాయొద్దు. అన్నీ రాయి. ఆయన నా మీద కోప్పడి ఉంటే అది కూడా రాయి, నాకు కావాలి.

ఆయన చెల్లెలు,
సుధారాణి